శస్త్రహతుల చతుర్దశి

బుధవారం, ఏకాదశి – తాడేపల్లిగూడెం, మాధవరం

గౌతమి ఎక్స్‌ప్రెస్ గూడెంలో దింపేసరికి ఇంకా తెల్లారలేదు. ప్లాట్‌ఫాం మీద నాన్న చేసిన మొదటి పని చేతిసంచీ విప్పి దర్భకట్ట నలిగిందేమో చూసుకోవడం.

"రాజమండ్రిలో దొరకవా నాన్నా?"

"దొరుకుతాయి. ఏ గడ్డి కోసిచ్చాడో వాడికే తెలియాలి."

డెబ్భై ఆరేళ్ళ మనిషి హైదరాబాదు నుంచి గోదావరికి దర్భలు మోసుకొచ్చింది ఆయన పెదనాన్న కోసం. అంటే నాకు పెద్దతాత. మా ఇంట్లో 'పటాలం తాత' అంటారు. 1942లో పటాలంలో చేరి, గూడెం స్టేషన్లోనే బెంగుళూరు వెళ్ళే బండి ఎక్కాడు. బెంగుళూరులో మద్రాస్ సాపర్స్ కేంద్రం ఉంది. వంతెనలు కట్టడం, అవసరమైతే కూల్చడం, దారి వెయ్యడం, మందుపాతరలు ఏరడం వాళ్ళ పని. 1944లో బర్మా సరిహద్దులో పోయాడని తంతి వచ్చింది. తంతిలో 'కనపడుటలేదు' అనే ఉందిట, 'పోయాడు' అని లేదు. ఆ తేడా మా ఇంట్లో పన్నెండేళ్ళు నడిచింది. దాని సంగతి రేపు, ఊళ్ళో చెప్తాను.

తేదీ తెలియని చావు కాబట్టి ఆయన తద్దినం మహాలయ పక్షాల్లో చతుర్దశినాడు పెడుతూ వచ్చారు. భాద్రపద బహుళంలో ఆ పదిహేను రోజులూ పితృదేవతలవి కదా. అందులో చతుర్దశి కత్తివాతనో తూటావాతనో పోయినవాళ్ళ కోసం విడిగా ఉంచిన రోజు. శస్త్రహతుల చతుర్దశి. తాతయ్య ఉన్నన్నాళ్ళూ తాతయ్య పెట్టారు, తర్వాత నాన్న. ఈ యేడు చతుర్దశి శనివారం వచ్చింది.

అయితే ఈ యేడే ఒక చిక్కు వచ్చిపడింది. మా బావ ఫోన్లో వెతికి వెతికి కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వాళ్ళ జాబితాలో పెద్దతాతని పట్టుకున్నాడు. పేరు, నంబరు, తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, 'తణుకు, వెస్ట్ గోదావరి'. వాటి కింద తేదీ: 1944 మార్చి 28. "ఇంక ఆ చతుర్దశి ఎందుకు మామయ్యా, అసలు తిథే దొరికితే?" అన్నాడు బావ. నాన్న జవాబు చెప్పలేదు. చెప్పకుండా నాలుగు రోజులకి టిక్కెట్లు తియ్యమన్నారు, నన్ను తోడు రమ్మన్నారు.

స్టేషను బయట టీ తాగి, వెలుగు రాగానే రన్‌వే చూద్దామన్నారు. గూడెంలో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. ఆటో అతను "నడకకాండీ?" అని మాత్రం అడిగాడు. రెండో యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు వేసిన విమానాల దారి అది. 1942 మార్చి 8న రంగం జపాన్ చేతికి పోయింది. (గోదావరి జిల్లాల్లో రంగూన్ అంటే రంగమే. కాకినాడలో స్టీమరెక్కి రంగం పోయి నాలుగు రూపాయలు వెనకేసుకు రాని వంశం ఆ రోజుల్లో అరుదు.) రంగం పోయాక బంగాళాఖాతానికి అటు గట్టున శత్రువు, ఇటు గట్టున మనం. కోస్తా పొడుగునా విమానాలు దిగేందుకు నేల చదును చేశారు. ఇవాళ అదే నేల మీద ఎన్‌ఐటీ కుర్రాళ్ళూ షుగరు పెద్దమనుషులూ కనిపిస్తారు. చెప్పులు విడిచి నడుస్తున్న ఒకావిడ నాన్న పంచె చూసి "కొత్తగా వచ్చారాండీ" అని పలకరించింది.

నాన్న నడవలేదు. ఒక పక్కన నిలబడి కాసేపు చూసి, "ఇక్కణ్ణించి లేచినవాళ్ళు అందరూ దిగారంటావా?" అన్నారు.

నాకు తెలిసినంతవరకే చెప్పాను. కోస్తాలోనూ కంటోన్మెంట్లలోనూ అక్కడక్కడా పూడ్చిన ఆ కాలపు సైనికుల్నీ వైమానికుల్నీ యుద్ధం అయ్యాక మద్రాసు తీసుకెళ్ళి నందంబాక్కంలో ఒకచోట చేర్చారు. ఊరూరా విడివిడిగా ఉంటే ఆ సమాధుల్ని చూసేవాళ్ళుండరని. అక్కడ ఎనిమిదివందల యాభైకి పైగా ఉన్నాయి. చాలావాటి మీద వయసు ఇరవై, ఇరవై రెండు. ఒకసారి చెన్నై పని మీద వెళ్ళినప్పుడు చూశాను. గడ్డి అంత శుభ్రంగా కత్తిరించిన చోటు ఆ ఊళ్ళో ఇంకోటి చూడలేదు.

"మరి సముద్రంలో పడ్డవాళ్ళో?"

ఆ ప్రశ్నకి జవాబు మధ్యాహ్నం, మాధవరంలో దొరికింది.

గూడెం నుంచి మాధవరం ఎంతో దూరం లేదు. బోర్డు మీద ఏమున్నా జనం నోట్లో అది మిలిటరీ మాధవరం. పక్కనున్న ఆరుగొలనులో కోట కట్టిన పూసపాటి మాధవవర్మ పేరు మీదే ఊరు వెలిసిందనీ, ఆయన ఉత్తరాది నుంచి తెచ్చి నిలిపిన యోధుల సంతానమే తామనీ ఊరివాళ్ళు చెప్తారు. మొదటి యుద్ధానికి తొంభై మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారన్నది ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెప్పే లెక్క. పిల్లలకి మేజర్ అనీ కెప్టెన్ అనీ పేర్లు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఢిల్లీలో 2022 దాకా ఇండియా గేటు దగ్గర ఉన్న అమర్ జవాన్ జ్యోతి నమూనాలో స్మారకం కట్టుకున్నారు, తలకిందుల తుపాకి, పైన శిరస్త్రాణం. సుబేదారు వేంపల్లి వెంకటాచలం గారి మాట రాకుండా ఎవరూ ఊరి కథ చెప్పరు. రావు బహదూర్, పాల్కీ సాహెబ్ బిరుదులు పొందినాయన, ఊళ్ళో కుర్రాళ్ళని సైన్యం దారి పట్టించినాయన. పాల్కీ సాహెబ్ అంటే పల్లకీ గౌరవం ఉన్న దొర అన్నమాట. నాన్నకి ఆ బిరుదు తెగ నచ్చింది. దారి పొడుగునా రెండుమూడుసార్లు పైకే అనుకున్నారు.

స్మారకం మెట్ల దగ్గర ఒక పెద్దాయన ఎదురయ్యారు. మీసం, నిటారు వీపు. నాన్నని ఎగాదిగా చూసి, "మీదే రెజిమెంటండీ?" అన్నారు. నాన్న కంగారుపడి, "మాది కాదండి, మా పెదనాన్నగారిది. సాపర్స్" అన్నారు. ఆ మాటతో అరుగు మీద చోటు దొరికింది.

ఆయనది పటాలం కాదు. "మా ఇంట్లో మూడు తరాలు నేల మీదే నడిచారండి. నేనే విమానాలకి పోయాను" అన్నారు. ఎయిర్‌ఫోర్సులో ఇంజన్లు చూసే పని, సార్జెంటుగా దిగారు. 1971లో ఒక ముందు స్థావరంలో ఉన్నారట. ఏది అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. బయటివాళ్ళు విమానం నడిపేవాణ్ణి ఎయిర్‌మన్ అనుకుంటారుగానీ మన ఎయిర్‌ఫోర్సు లెక్కలో ఎయిర్‌మన్ అంటే ఆఫీసరు కానివాడు. "ఎగిరేవాడు ఆఫీసరండి, ఎగరేసేవాడు ఎయిర్‌మన్" అన్నారు. పొద్దున పంపిన విమానం సాయంత్రం రాకపోతే ఆ రాత్రి వర్క్‌షాపులో ఎవడూ ఎవడితోనూ మాట్లాడడట. బోల్టు తను సరిగ్గా బిగించానా లేదా అని ప్రతివాడికీ అనుమానం. పనిముట్ల పెట్టె తెరిచి మళ్ళీ లెక్క చూసుకుంటారు.

నాన్న పొద్దుటి ప్రశ్న ఆయన ముందు పెట్టారు. సముద్రంలో పడ్డవాళ్ళో?

ఆయన కొడుకు సింగపూర్లో ఉద్యోగం. వెళ్ళినప్పుడు క్రాంజీ తీసుకెళ్ళాడట. "అక్కడ గోడలమీద పేర్లేనండి. సమాధి లేనివాళ్ళ పేర్లు. ఇరవైనాలుగు వేలు. మధ్యలో కట్టడం విమానం తోకలా పైకి లేచి ఉంటుంది. మనవాళ్ళవి ఎన్నో. సింగులు, ఖాన్లు, నాయుళ్ళు." ఈ గట్టు నుంచి లిబరేటర్ విమానాలు రాత్రికి రాత్రి బంగాళాఖాతం దాటి రంగం నదిలో మైన్లు జారవిడిచి వచ్చేవి. తిరుగుదారిలో ఇంజను చెడితే కింద నీళ్ళే. పేరు వెళ్ళి ఏదో ఒక గోడ ఎక్కుతుంది.

"గోడ సరేనండి. తద్దినం ఎవరు పెడతారు?" అన్నారు నాన్న.

పెద్దాయన చాలాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, మాట దాటెయ్యడానికి కాదు. "క్రిస్టియన్లకి ఉండదనుకుంటానండి" అన్నారు చివరికి.

లేవబోతుంటే మొదటి యుద్ధంవాళ్ళ మాట వచ్చింది. ఆ తొంభై మంది పేర్లూ ఎక్కడైనా చెక్కారా అని నేనడిగాను. తిన్నగా జవాబు రాలేదుగానీ 'బస్రా' అన్న మాట వచ్చింది. మొదటి యుద్ధంలో మన దేశపు సిపాయిలు ఎక్కువమంది వెళ్ళింది మెసొపొటేమియాకే. టైగ్రిస్ నది మీద పడవల వంతెనలు కట్టింది మన సాపర్లే. అక్కడ పోయినవాళ్ళ కోసం బస్రాలో స్మారకం కట్టి తెల్లవాళ్ళ పేర్లన్నీ వరసగా చెక్కారు. మన భారతీయ ఆఫీసర్ల పేర్లూ చెక్కారు. సిపాయిలనీ హవల్దార్లనీ మాత్రం రెజిమెంటు పేరు కింద 'ఇంతమంది' అని అంకె వేసి వదిలేశారు. అది తప్పేనని ఆ యుద్ధ సమాధుల సంఘంవాళ్ళే విచారణ వేసుకుని 2021లో ఒప్పుకున్నారు, క్షమాపణ చెప్పారు. నూరేళ్ళు పట్టింది. బస్రా సంగతి చదివిన రాత్రి నాకు కోపంతో నిద్రపట్టలేదు. ఇప్పుడు మాధవరం అరుగు మీద కూచుని చెప్తుంటే ఆ పెద్దాయన "అంకె అయినా వేశారు కదమ్మా" అన్నారు. నాకు మాట రాలేదు.

గురువారం, ద్వాదశి – అత్తిలి దగ్గర మా ఊరు

రాత్రంతా వాన. పొద్దున్నే కాలవగట్టు మీదుగా వెళ్తుంటే సార్వా చేలు మోకాలెత్తు పచ్చగా, నీళ్ళు రోడ్డుదాకా. ఊరి పేరు రాయను. పెదనాన్నల ఇళ్ళూ బాబాయిల ఇళ్ళూ కలిపి మావాళ్ళవే ఆరేడు గడపలు, అందరూ ఫోన్లు చూసేవాళ్ళే.

బావ వాళ్ళింట్లో దిగాం. పెద్దమామ్మ పెట్టె ఇప్పుడు అక్కడుంది. పెద్దమామ్మ అంటే పటాలం తాత భార్య. నాకు ఊహ తెలిసేసరికి ముసలావిడ. 1989లో పోయింది. తెల్లచీర గుర్తు, నుదుటి మీద చిన్న మచ్చ గుర్తు. ఆ మచ్చ పుట్టుమచ్చ కాదనీ, ఏళ్ళ తరబడి బొట్టు పెట్టిన చోటనీ అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది.

తంతి వచ్చినప్పుడు ఆవిడకి పంతొమ్మిదేళ్ళు. ఊరంతా వచ్చి కూచున్నారు, ఏడవడానికి. ఆవిడ ఏడవలేదు. "కనపడ్డం లేదన్నారు. వెతుకుతున్నారు" అంది. కొన్నాళ్ళకి రెండో కాగితం వచ్చింది, పోయినట్టే ఎంచుతున్నామని. ఆ తర్వాత పింఛను మొదలైంది, మనియార్డరు. పోస్టుమాను అరుగు మీద కూచుని డబ్బు లెక్కపెట్టేవాడు, ఆవిడ వేలిముద్ర వేసేది. బొట్టుతోనే వేసేది. వేసి, ఆ సిరా చెయ్యి బియ్యం కడిగినట్టు రెండుమూడుసార్లు కడుక్కునేదట. అత్తగారొకసారి అందిట, "డబ్బు పుచ్చుకుంటే పోయాడని ఒప్పుకున్నట్టే కదే" అని. ఆవిడ జవాబు మా వంశంలో ఇప్పటికీ చెప్పుకుంటారు: "డబ్బు ఆయన చేసిన పనికి. చావుకి కాదు."

కనిపించకుండా పోయిన మనిషికి పన్నెండేళ్ళు చూడాలంటారు పెద్దలు. అప్పటికీ రాకపోతే దర్భలతో బొమ్మ చేసి, దానికి కర్మ చెయ్యాలి. 1956లో చేశారు. మా తాతయ్య చేశారు, తమ్ముడు కదా. దర్భబొమ్మని చాప మీద పెట్టినప్పుడు పెద్దమామ్మ లోపల్నించి వచ్చి చూసి, "ఆయన ఇంకా పొడుగు" అందట. పంతులుగారు ఇంకో రెండు దర్భలు కట్టి పొడుగు చేశారు. ఆ సాయంత్రం బొట్టు తీసేసింది.

తిథి ఏది పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పంతులుగారు చతుర్దశి అన్నారు. ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి కారణం శాస్త్రం కాదని నాన్న అనుమానం. "ఆ రోజు ఆయనొక్కడి రోజు కాదు కదమ్మా, అలాంటివాళ్ళందరిదీ. అందుకని ఒప్పుకుంది."

పెట్టె తీశారు. మడతల్లో ఎలకలు కొట్టిన పింఛను పుస్తకం. రెండు పతకాలు. ఒకటి ఆరు కోణాల నక్షత్రం, బర్మా స్టార్. రిబ్బను రంగు వెలిసినా మధ్య ఎరుపూ అటూఇటూ నీలమూ ఇంకా తెలుస్తున్నాయి. రెండోది గుండ్రటిది, ఒక వైపు రాజుగారి తల, ఇంకో వైపు సింహం. అంచు మీద సన్నటి అక్షరాల్లో నంబరూ పేరూ. ఈ గుండ్రటిదాని అంచు మీద ఆకురాయి గీత ఒకటుంది. ఒక చెడ్డ యేడు తాతయ్య వెండి అనుకుని కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళారట, చెప్పకుండా. కంసాలి గీసి చూసి, "వెండి కాదు బాబూ, రాగీ నికెలూ" అని తిప్పి ఇచ్చేశాడు. లేకపోతే అది ఎప్పుడో ఏ పట్టీల్లోనో కరిగిపోయుండేది. మొదటి యుద్ధంలో ఇచ్చినవి వెండివి. అవెన్ని ఇళ్ళలో మిగిలుంటాయో ఊహించుకోవచ్చు.

భోజనాలయ్యాక బావ ఫోను తీశాడు. వాడి మాట కొట్టెయ్యడానికి లేదు, పద్ధతిగా పని చేశాడు. మార్చి 28కి పంచాంగం వెనక్కి తిప్పించాడు. తారణ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ చవితి. ఉగాది వెళ్ళిన మూడో రోజు. అప్పుడు బర్మాలోని టిడ్డిం నుంచి వచ్చే రోడ్డు మీద మన సైన్యంలోని 17వ డివిజను, చుట్టుముట్టిన జపాన్‌వాళ్ళని తోసుకుంటూ ఇంఫాల్‌కి వెనక్కి వస్తోంది. సాపర్లు అటువంటప్పుడు చిట్టచివర నడుస్తారు. అందరూ దాటాక వంతెన పేల్చాల్సింది వాళ్ళే కదా. పేరు ఎక్కడుందంటే బర్మాలో, రంగానికి ఉత్తరాన టౌక్యాన్‌లో. సమాధి లేని ఇరవయ్యేడు వేలమందికి దగ్గర దగ్గర పేర్లు అక్కడ స్తంభాల మీద ఉన్నాయి. రంగూన్ స్మారకం అంటారు.

అక్కడున్న ముసలి పిన్ని ఒకావిడ నవ్వింది. "రంగం పోతానని చిన్నప్పుడు ఒకటే పోరట. వాళ్ళ నాన్న పంపలేదు. పేరైతే చేరింది."

బావ మళ్ళీ అడిగాడు, "మరి చవితికి మారుద్దామా మామయ్యా?" నాన్న మజ్జిగ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టి, "ఆ తేదీ ఎలా వేశారో తెలుసా నీకు? ఆ రోజు సాయంత్రం హాజరు పిలిస్తే పలకలేదు. అంతే. పలకనిరోజది. పోయినరోజు అదేనో, మర్నాడో, వారం పోయాకో..." అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను ఆ కోణంలో ఆలోచించనే లేదు.

శుక్రవారం, త్రయోదశి – మూడు పాయలు దాటి కాకినాడ

ఇది నా కోరిక మీద వేసుకున్న చుట్టుదారి. రాజమండ్రి తిన్నగా వెళ్ళొచ్చు, రెండు గంటలు కూడా పట్టదు. కానీ పాలకొల్లు మీదుగా చించినాడ దగ్గర వశిష్ఠ దాటి, పాశర్లపూడి దగ్గర వైనతేయ దాటి, అమలాపురం, ముమ్మిడివరం, ఎదుర్లంక వారధి మీద గౌతమి దాటి యానాం. నది మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ ఎర్రగా, వరదనీటితో. కారు నడిపే అబ్బాయి ప్రతి వంతెన మీదా చెయ్యి జేబులో పెట్టి ఒక నాణెం విసిరాడు. మూడోసారికి చిల్లర అయిపోయి నాన్నని అడిగాడు.

యానాంలో ఆగింది టిఫినుకి. ఈ చిన్న ఊరు ఫ్రెంచివాళ్ళది కదా, 1954 దాకా. 1940లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయాక ఇక్కడి ఫ్రెంచి వలసలు లొంగుబాటుని కాదని, యుద్ధం ఆపనన్న ఫ్రెంచి జనరల్ ద్గోల్ పక్షాన చేరాయి. అంటే గౌతమికి ఈ గట్టున ఒక రాజుగారి యుద్ధం, ఆ గట్టున ఇంకో జెండా కింద అదే యుద్ధం. మధ్యలో పడవ దాటితే పది నిమిషాలు.

దారిలో కోరంగి బోర్డు కనిపించగానే నాన్న హుషారయ్యారు, "ఇక్కడ సముద్రవిమానాలు దిగేవి" అని. నేను కాదన్నాను. ఆ పొరపాటు చాలామంది చేస్తారు. యుద్ధకాలపు పుస్తకాల్లో కనిపించే కోరంగి క్రీక్ కరాచీలోది, మనది కాదు. నాన్న అయిదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "మనదీ ఓడల కోరంగే" అని సర్దుకున్నారు.

కాకినాడలో చూడాలనుకున్నది ఒక రోజుని. 1942 ఏప్రిల్ 6. ఆ ఉదయం ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. ఆ రెండుమూడు రోజుల్లోనే ఆ నౌకాదళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచింది. వాటిలో పనిచేసిన మన లస్కర్లు సిపాయిలు కారు, వైమానికులు కారు, పటాలం పింఛను జాబితాలో లేరు. బొంబాయిలోనూ చిట్టగాంగులోనూ ఉంచిన పుస్తకంలో ఆరువేలకు పైగా నావికుల పేర్లు రాసి పెట్టారు. గోడకూడా కాదు, పుస్తకం.

పాత రేవు దగ్గర టీ కొట్టులో ఒక ముసలాయన దొరికాడు. ఆయన చూసినవాడు కాదు, తల్లి చెప్పగా విన్నవాడు. "మా అమ్మ పొయ్యి మీద గంజి వదిలేసి పరిగెత్తిందండి, పిఠాపురం దాకా. మూడ్రోజులకి వచ్చి చూస్తే గంజి కుండ అలాగే ఉందండి, ఏం కాలేదు. ఊళ్ళో దొంగలు కూడా పారిపోయారన్నమాట." బాంబు ఎక్కడ పడిందంటే చెయ్యి సముద్రం వైపు ఊపాడు. ఆ చెయ్యి ఊపినవైపే రంగం స్టీమర్లు ఆగేవి. ఇక్కడ నీరు లోతు తక్కువ, ఓడ దూరంగా లంగరు వేస్తే జనాన్ని పడవల్లో చేర్చేవారు.

పెద్దతాత పటాలంలో చేరింది ఆ యేడు జూన్లో. జపాన్ బాంబు చూసి పౌరుషం వచ్చి చేరాడని మా చిన్నప్పుడు వీరగాథలాగా చెప్పేవారు. నాన్న ఇవాళ వేరేలా చెప్పారు. రంగం దారి మూతపడింది. ఆ యేడు రంగం నుంచి చిక్కిశల్యమై నడిచివచ్చినవాళ్ళే ఊళ్ళ నిండా. అక్కడ పనిలేదు, ఇక్కడ అయిదుగురు అన్నదమ్ములకి రెండెకరాలు. పటాలంలో జీతం, బట్ట, తిండి. "పౌరుషం కూడా ఉండేదేమోలే" అని చివర్లో కలిపారు, పెదనాన్నగారి పరువు పోకుండా.

గొట్టం కాజాలు కొనుక్కుని చీకటి పడ్డాక రాజమండ్రి చేరాం. బస చేసిన చోట మంచం కిర్రుమంది, దోమలు, వేడినీళ్ళు రావు. అంతకంటే చెప్పేదేం లేదు.

శనివారం, చతుర్దశి – కోటిలింగాల రేవు

అయిదింటికే రేవు నిండిపోయింది. మర్నాడు మహాలయ అమావాస్య, ఆ రోజైతే నిలబడే చోటుండదని ముందురోజే వచ్చేసినవాళ్ళు చాలామంది. నది నాలుగు మెట్లు ఎక్కి ఉంది. అవతల హేవ్‌లాక్ వంతెన స్తంభాలు మంచులో లెక్కకి అందడం లేదు. 1997లో రైళ్ళు మానేసిన వంతెన అది. పెద్దతాత రాజమండ్రి మీదుగా తూర్పుకి వెళ్ళుంటే దానిమీదే వెళ్ళుంటాడు. అస్సాం వెళ్ళే సైనికుల బళ్ళు కలకత్తా దారినే పోయేవి.

పంతులుగారు కుర్రాడు, ముప్ఫై ఉంటాయేమో. చెవిలో ఇయర్‌ఫోను తీసి జేబులో పెట్టుకుని నాన్న దర్భలు చూశాడు. "మంచివండి" అన్నాడు. నాన్న ముఖం చూడాల్సింది.

చవితి సంగతి నాన్నే ఎత్తారు. తేదీ దొరికింది, ఏది పెట్టాలి అని. పంతులుగారు రెండు ప్రశ్నలే అడిగాడు. "ఎన్నేళ్ళనించి పెడుతున్నారండి ఇలా?" అరవయ్యేళ్ళు దాటింది. "పెద్దమ్మగారు ఈ తిథికి ఒప్పుకునే పెట్టించారా?" అవును. "అయితే ఆవిడ పెట్టిన తిథండి ఇది. ఆ చవితి తెలిసింది కాబట్టి ఆ రోజు ఎవరికైనా భోజనం పెట్టండి." నాన్న బావకి అక్కడికక్కడే ఫోన్ చేసి, "చవితి నీది. పదిమందికి భోజనం పెట్టు" అన్నారు. వాడు నిద్రలో ఉన్నట్టున్నాడు.

నీళ్ళలో మోకాలి లోతున నిలబడి పేర్లు చెప్పారు, తండ్రి, తాత, ముత్తాత, తర్వాత పెదనాన్న. సర్వీసు నంబరు కూడా చెప్పారు, పంతులుగారు అడక్కపోయినా. నేను మెట్టు మీద పొడి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. చివర్లో ఒక శ్లోకం వస్తుంది, ఎప్పుడూ విన్నదే, ఎప్పుడూ పట్టించుకోనిదే. యేషాం న మాతా న పితా న బంధుః. తల్లీ తండ్రీ చుట్టమూ లేనివాళ్ళు ఈ నీళ్ళతో తృప్తి పడుదురుగాక అని.

నాన్న చెయ్యి వంచకుండా ఆగారు.

"పంతులుగారూ, సముద్రంలో పడ్డవాళ్ళు దీన్లోకి వస్తారా? విమానాలవాళ్ళు?"

"వస్తారండి."

"మనవాళ్ళు కాదండి. అంటే కొందరు మనవాళ్ళే. తెల్లకుర్రాళ్ళు కూడా ఉన్నారు. గూడెం నుంచి..."

వెనక వరసలో ఇద్దరుముగ్గురు తొందరపడుతున్నారు. పంతులుగారు వాళ్ళకేసి చూడలేదు. "గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్తామండి. కశ్యపుడు అందరికీ తండ్రి కదా. పేర్లు తెలుసా?"

నాన్న తల అడ్డంగా ఊపారు. నాకు నందంబాక్కంలో చదివిన పేర్లు ఒకటో రెండో నోటిదాకా వచ్చాయి, ఇంటిపేర్లు కలగలిసిపోయాయి, ఊరుకున్నాను.

"ఫరవాలేదండి. కాశ్యప గోత్రాణాం అనండి."

నాన్న అన్నారు. మూడుసార్లు నీళ్ళు వదిలారు. మూడోసారి దర్భ వేలిలోంచి జారి నీళ్ళతోపాటే పోయింది. పట్టుకోబోయి, మానేసి, మెట్లెక్కి వచ్చి తువ్వాలందుకున్నారు.

"కాజాలు మిగిలాయా?" అన్నారు, తల తుడుచుకుంటూ.